మనిషికొక కొత్త బ్లేడు

తూర్పు సింహభూమ్ జిల్లా డిప్యూటీ కమిషనర్ గారికి,

భుయ్యాడీహ్‌లోని సువర్ణరేఖ శ్మశానఘాట్‌లో అంత్యక్రియలు జరిపించే జంషెడ్‌పూర్ కుటుంబాలలో తెలుగువారూ ఉన్నారు. కర్మలో భాగంగా కర్త తల గొరిగించుకోవడం ఆచారం. పొక్కులు త్వరగా లేచే సున్నితమైన చర్మంపై తడపకుండా, వెంట్రుకలు పెరిగే దిశకు ఎదురుగా బ్లేడు నడిపితే, తెగిన వెంట్రుక మళ్లీ పెరుగుతూ చర్మంలోకే వంగి ఎర్రని గడ్డ కట్టవచ్చు. వెంట్రుక కుదురులో సూక్ష్మక్రిములు చేరి వాచి చీముపట్టడాన్ని వైద్యులు ఫాలిక్యులైటిస్ అంటారు. ఒకరి రక్తం అంటిన బ్లేడును మరొకరికి వాడితే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి, సి వైరస్‌లు సోకే ప్రమాదముంది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలిచ్చే భక్తునికి టోకెన్‌తోపాటే బ్లేడు ఇస్తారు. అదే తీరున ఘాట్ వద్ద మనిషికొక కొత్త బ్లేడు, తల నానబెట్టడానికి శుభ్రమైన నీరు, వాడిన బ్లేడ్లకు మూతడబ్బా ఏర్పాటు చేయాలని, తలపై పుండ్లున్నవారికి ట్రిమ్మర్ అందుబాటులో ఉంచాలని, ఆ ఖర్చు క్షురకులపై మోపరాదని విన్నపం.

ఇట్లు,
భుయ్యాడీహ్ తెలుగువారు