కాటా మీద నూట నలభై ఏళ్లు

"అన్నా, మా తాత ట్రంకు పెట్టెల పాత ఇంగ్లిష్ మ్యాగజైన్లు బైటపడ్డయ్. లక్షలొస్తయా?"

హన్మకొండ నుంచి ఓ తమ్ముడు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఇది. కింద రెండు ఫొటోలు. ఒకటి తుప్పు పట్టిన పెట్టె. రెండోది మట్టి రంగులోకి మారిన పేజీ. జూమ్ చేసి చూస్తే పైన 'సైంటిఫిక్ అమెరికన్' అని ఉంది, పక్కన 1884 అని ఉంది. ఇంకో మెసేజ్ కూడా వచ్చింది: "ఇల్లు బిల్డర్‌కు ఇస్తున్నం. ఆదివారం పాత పేపర్లాయన వస్తడు. జల్ది చెప్పు."

జల్దిగా చెప్పే విషయం కాదు కాబట్టి శనివారం పొద్దున్నే బండి తీశాను.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. లక్షలు రావు. ఈ పత్రిక 1845 ఆగస్టు 28న న్యూయార్క్‌లో నాలుగు పేజీల వారపత్రికగా మొదలైంది. పెట్టినాయన రూఫస్ పోర్టర్. గోడల మీద బొమ్మలు వేసేవాడు, కొత్త యంత్రాలు కనిపెట్టేవాడు. ఏడాది తిరక్కుండానే 800 డాలర్లకు పత్రిక అమ్మేశాడు. కొన్న కుర్రాళ్లు దాన్ని ఎక్కడికో తీసుకుపోయారు. 1877 డిసెంబర్‌లో ఎడిసన్ తన ఫోనోగ్రాఫ్‌ను నేరుగా ఈ పత్రిక ఆఫీసుకే తెచ్చి బల్ల మీద పెట్టి హ్యాండిల్ తిప్పాడు. ఆ మిషన్ బాగున్నారా అని అడిగి, చివర్లో గుడ్ నైట్ కూడా చెప్పింది. ఇవాళ కొత్త ఫోన్ రాగానే అన్‌బాక్సింగ్ వీడియో చూస్తాం కదా, అప్పట్లో ఆ పని ఈ పత్రికలు చేసేవి. అంత పేరున్న పత్రిక కాబట్టే వేల కాపీలు అచ్చయ్యాయి, లైబ్రరీల్లో దాచారు, స్కాన్ కూడా చేశారు. దొరకని వస్తువుకే ధర ఉంటుంది. పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు.

ఈ మాట చెప్పగానే తమ్ముడి మొహం వాడిపోయింది. "అయితే కాటాకు ఏసుడేనా?"

ఆగమన్నాను. పెట్టెలోంచి ఆ బైండు పుస్తకాన్ని రెండు చేతులతో పైకి తీశాం. ఆరు నెలల సంచికలు కలిపి కుట్టించింది. పేజీల నిండా చెక్క బ్లాకుల మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలు, ఆవిరి యంత్రాలు, విద్యుత్ దీపాలు. అంచుల్లో సన్నని పెన్సిల్ రాత కనిపించింది. ఇంగ్లిష్‌లో 'మాగ్నెట్' అని అచ్చయిన చోట పక్కన ఉర్దూ లిపిలో ఒక మాట, దాని కింద తెలుగులో 'అయస్కాంతం'. ఇంకో పేజీలో కరెంటు గురించి. అక్కడా అంతే. ఉర్దూలో 'బర్ఖ్', కింద తెలుగులో 'విద్యుత్తు'. కొన్ని చోట్ల తెలుగు మాట కొట్టేసి ఇంకోటి రాసి ఉంది.

"తాత సైన్స్ సారు. పాత పుస్తకాల దుకాణంల కొన్నడట" అంది నానమ్మ, గుమ్మంలో కూర్చుని.

నాకప్పుడు అర్థమైంది. నిజాం కాలంలో మన దగ్గర బడి చదువు ఉర్దూలో సాగేది. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ సైన్స్‌ను కూడా ఉర్దూలోనే చెప్పింది. అందుకోసం ప్రత్యేకంగా ఓ అనువాద శాఖే ఉండేది. 1948 తర్వాత బడులు తెలుగు వైపు మళ్లాయి. తాత చదువుకున్నది ఒక భాషలో, పిల్లలకు చెప్పాల్సింది ఇంకో భాషలో. రేపటి క్లాసు కోసం రాత్రి పూట మాటలు వెతుక్కున్నాడన్నమాట. ఈ సంచిక స్కాన్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఆ పెన్సిల్ రాత మాత్రం ప్రపంచంలో ఈ ఒక్క కాపీలోనే ఉంది.

ఇట్లాంటి పాత సైన్స్ పత్రికలు మనకెందుకు, అవి తెల్లోళ్ల కథలు కదా అనే ఫ్రెండ్స్ కోసం ఒక ముచ్చట. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఎక్కడికొచ్చాడో తెలుసా? మన గుంటూరుకు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును స్పెక్ట్రోస్కోప్‌లో చూశాడు. అవి వాయువులేనని తేల్చుకున్నాడు. గ్రహణం లేకపోయినా వాటిని చూడొచ్చని మర్నాడే నిరూపించాడు. రెండు నెలలకు ఇంగ్లండ్‌లో లాకియర్ అనే ఆయన విడిగా అదే పని చేశాడు. ఇద్దరి కబుర్లూ పారిస్ సైన్స్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. ఈ వెతుకులాటలోనే హీలియం జాడ తెలిసింది. భూమ్మీద అది దొరకడానికి 1895 దాకా పట్టింది. ఆ లాకియరే 1869 నవంబర్ 4న 'నేచర్' పత్రిక మొదలుపెట్టి యాభై ఏళ్లు ఎడిటర్‌గా ఉన్నాడు. అంటే ఆ పాత సంచికల వెనక కథలో మన గుంటూరు ఆకాశం కూడా ఉంది.

మనోళ్లూ ఊరుకోలేదు. 1906లో హైదరాబాద్‌లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్రతో పాటు సైన్స్ పుస్తకాలు తెలుగులో అచ్చేశారు. మన పక్కనే ఇనుగుర్తి అనే పల్లెలో ఒడ్డిరాజు సోదరులు సొంత ప్రెస్సు పెట్టుకుని 1922లో 'తెనుగు' పత్రిక నడిపారు. తాత పెన్సిల్ పట్టుకుని చేసిందీ ఆ వరసలోని పనే.

సరే, ఇప్పుడు మీ ఇంట్లో అట్లాంటి పెట్టె ఉంటే ఏం చేయాలి?

మొదటిది, సెల్లోటేపు జోలికి పోవద్దు. ఇది నా అనుభవం. కాలేజీ రోజుల్లో నేను కొన్న మొదటి పాత సంచికలో చిరిగిన పేజీకి ఎంతో ప్రేమగా టేపు అంటించాను. కొన్నేళ్లకు టేపు ఊడిపోయింది కానీ, దాని జిగురు పసుపు చారలా కాగితంలోకి ఇంకిపోయింది. ఆ చార కింద అక్షరాలు ఇప్పటికీ చదవలేను. లామినేషన్ కూడా అంతే, వేస్తే ఇక వెనక్కి రాదు.

రెండోది, కాగితం గుణం తెలుసుకోండి. పాతకాలంలో గుడ్డపీలికలతో చేసిన కాగితం గట్టిది. 19వ శతాబ్దం రెండో సగంలో చెక్క గుజ్జు కాగితం వచ్చింది. చౌక కాబట్టి పత్రికలు జనానికి చేరాయి. కానీ దాంట్లోని ఆమ్లం లోపల్నుంచే కాగితాన్ని తినేస్తుంది. అందుకే 1840 నాటి పేజీ తెల్లగా ఉండి, 1900 నాటిది అప్పడంలా విరగొచ్చు. మూల మడిచి చూడొద్దు. ఎండ తగలనివ్వొద్దు. పడుకోబెట్టి దాచండి.

మూడోది, నేల మీదా, గోడకు ఆనించీ పెట్టొద్దు. చెదలు ఒక్కటే కాదు, 2020 ఆగస్టులో వరంగల్ కాలనీల్లోకి నీళ్లెట్లా వచ్చాయో మర్చిపోయామా?

నాలుగోది, ఫోన్ ఉందిగా. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పై నుంచి నిటారుగా ఒక్కో పేజీ ఫొటో తీయండి. అంచుల్లోని చేతిరాతను కత్తిరించొద్దు. కొనాలనుకునే వాళ్లయితే హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ నుంచి మొదలుపెట్టండి. దాచే చోటు లేనివాళ్లు పాత గ్రంథాలయాలను అడగండి. హన్మకొండలోనే 1904 నాటి రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది.

ఆ రోజు సాయంత్రం దాకా తమ్ముడూ నేనూ కూర్చుని పెన్సిల్ రాత ఉన్న పేజీలన్నీ ఫొటోలు తీశాం. నానమ్మ పక్కన కూర్చుని, తాత ఉర్దూ మాటల్లో తనకు తెలిసినవి చదివి చెప్పింది. పుస్తకం ఆమె బీరువాలోకి చేరింది.

బయల్దేరుతుంటే అడిగాను, పెట్టెలో ఇంకేమైనా ఉండేవా అని.

"ఉండె అన్నా. సన్నసన్నటి తెలుగు పుస్తకాలు, రెండు సంచులు. అవి పోయిన ఆదివారమే కాటాకు ఏసినం. ఇంగ్లిష్‌వి కదా రేటు వచ్చేదని ఇవి ఆపినం."

ఏం పత్రికలని అడిగితే ఎవరికీ గుర్తులేదు. పేర్లు కూడా చూడలేదట. స్కాన్ అయి ఉన్నది మిగిలింది, ఎక్కడా దొరకనిదేమైనా ఉంటే అది కాటాకెక్కింది.

మీ ఇంట్లో పెట్టె ఉంటే ఈ ఆదివారం లోపే తెరవండి. తెలుగువి ముందు చూడండి.