ఇష్టమేనా అని అడిగితే సరిపోదు

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా కుటుంబాలు పాకలు వేసుకుని ఉంటాయి. ఉన్నది ఒకటే గది. పొయ్యి, మంచం, మేత బస్తాలు, పిల్లల పుస్తకాలు, అత్తగారి పడక అన్నీ అందులోనే. అలాంటి పాకలో ఓ ఆడమనిషి తనకు మాత్రమే తెలిసిన వస్తువును ఎక్కడ దాచుకుంటుంది? హెచ్ఐవీ సోకకుండా ఆడవాళ్లు తమంతట తాము వాడుకోగల జెల్ కోసం శాస్త్రవేత్తలు రెండు దశాబ్దాలకు పైగా వెతికారు. మందు పనిచేస్తుందా అని అడిగారు, ఒంటికి పడుతుందా అని అడిగారు, నచ్చిందా అనీ అడిగారు. ఎక్కడ పెట్టుకుంటావమ్మా అన్న ప్రశ్నకు మాత్రం తగిన విలువ ఇవ్వలేదు. జెల్ కథ దెబ్బతిన్నది చాలావరకు అక్కడే.

ఆ వెతుకులాట వెనకున్న బాధ నిజమైనది. పుణెలో సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చిన ఆడవాళ్లను పరీక్షించిన అధ్యయనం ఒకటి 1997లో వెలువడింది. సెక్స్ వర్కర్లు కానివాళ్లలో కూడా 13.6 శాతం మందికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమంది భర్త తప్ప మరో మగాడిని ఎరగని ఇల్లాళ్లు. మన రాష్ట్రం సంగతి చూస్తే, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలోని వయోజనుల్లో హెచ్ఐవీ 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. అంటే మూడు రెట్లు.

దానికి తోడు మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లు పదిమందిలో ఏడుగురు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా ఇద్దరు బిడ్డలు పుట్టగానే, పాతికేళ్లు నిండకుండానే ఆ పని అయిపోతుంది. ఆ తర్వాత ఇంట్లో నిరోధ్‌కు చోటే ఉండదు. ‘ఆపరేషన్ అయిందిగా, ఇంకెందుకు?’ అని భర్త అడిగితే ఆమె ఏం చెబుతుంది? నిన్ను నమ్మడం లేదనైనా చెప్పాలి, నన్ను నమ్మొద్దనైనా చెప్పాలి. రెండూ ఆ కాపురంలో పలకలేని మాటలే. అస్సాం, కోల్‌కతాలకు ఐసు పెట్టెల్లో చేపలు వేసుకెళ్లే లారీతో భర్త తిరిగొచ్చిన రాత్రి ఆమె చేతిలో ఏ రక్షణా ఉండదు. లారీవాళ్లందరినీ అనుమానించమని కాదు. ఏ ఒక్క ఇంట్లో ప్రమాదం ఉన్నా, దాన్ని ఆపే సాధనం ఆ ఇల్లాలి దగ్గర లేదన్నదే అసలు సంగతి.

జెల్ పుట్టింది ఆ లోటు తీర్చడానికే. దారి మాత్రం కష్టాలమయమైంది. నొనాక్సినాల్-9 అనే జెల్ వాడిన ఆడవాళ్లకు రక్షణ దొరక్కపోగా ముప్పు పెరిగిందని 2000లో బయటపడింది. సెల్యులోజ్ సల్ఫేట్ జెల్ ట్రయల్‌ను 2007 జనవరిలో అర్ధంతరంగా ఆపేశారు. ఆ ట్రయల్ చెన్నైలోనూ, కర్ణాటకలోని బాగల్‌కోట్‌లోనూ జరిగింది. సముద్రపు నాచు నుంచి తీసిన క్యారాగార్డ్ పనిచేయలేదని 2008లో తేలింది. మన దేశంలో శాస్త్రవేత్త జీపీ తల్వార్ బృందం వేపతో, కుంకుడు జాతి కాయల సారంతో ప్రనీమ్ అనే మందు తయారుచేసింది. పుణెలో దాన్ని పరీక్షించినప్పుడు ఆడవాళ్లతోపాటు భర్తల అభిప్రాయం కూడా అడిగారు. అది సరైన పద్ధతి, తర్వాతివాళ్లు పట్టుకోవాల్సిన పద్ధతి.

2010 జులైలో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో ఆశ చిగురించింది. దక్షిణాఫ్రికాలో 889 మంది ఆడవాళ్ల మీద జరిపిన కాప్రిసా 004 ట్రయల్‌లో టెనోఫొవిర్ అనే మందు కలిపిన జెల్ హెచ్ఐవీ సోకడాన్ని 39 శాతం తగ్గించింది. ఆ జెల్ వాడే తీరు ఒకసారి చూడాలి. సూది లేని సిరంజిలాంటి ప్లాస్టిక్ గొట్టం, అందులో ముందే నింపిన జెల్. కలయికకు 12 గంటల లోపు ముందొకటి, అయ్యాక 12 గంటల లోపు ఇంకొకటి. 24 గంటల్లో రెండుకు మించకూడదు. వాడేసిన గొట్టాలను భద్రంగా తెచ్చి క్లినిక్‌లో అప్పగించాలి, వాడకం లెక్క తేలేది వాటితోనే. రాత్రి ఏమవుతుందో సాయంత్రమే ఊహించాలి, చాటు వెతుక్కోవాలి, కారిపోతే గుడ్డ మార్చుకోవాలి, ఖాళీ గొట్టం పిల్లల కంటపడకుండా దాచాలి. చెరువు గట్టు మీద పాకలో ఇవన్నీ జరిగే పనులేనా?

తర్వాత 5,029 మందితో వాయిస్ అనే పెద్ద ట్రయల్ జరిగింది. జెల్ రోజూ వాడుతున్నామని ఆడవాళ్లు చెప్పినదాన్ని బట్టి వాడకం 90 శాతం దాకా ఉంది. 2013లో రక్త పరీక్షల ఫలితాలు వస్తే, జెల్ ఇచ్చినవాళ్ల నమూనాల్లో మందు జాడ కనిపించింది దాదాపు నాలుగో వంతులోనే. వాళ్లను అబద్ధాలకోరులనడం అన్యాయం. మంచిగా పలకరించే నర్సమ్మ అడిగితే ‘బాగుందమ్మా’ అనడం ఎక్కడైనా మర్యాదే. తర్వాత వాళ్లతో కూర్చుని ఓపిగ్గా మాట్లాడినప్పుడు అసలు కారణాలు బయటికొచ్చాయి. మందు పడదేమోనన్న భయం, ఎవరైనా చూస్తే తనకే ఎయిడ్స్ ఉందనుకుంటారన్న దిగులు. 2015లో ఫ్యాక్ట్స్ 001 అనే జెల్ ట్రయల్ కూడా విఫలమయ్యాక జెల్ మీద ఆశ వదులుకున్నారు. అందులో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది అమ్మానాన్నలతో, తోబుట్టువులతో కలిసి ఉంటున్న పడుచుపిల్లలు. గదికి తలుపు లేని బతుకు వాళ్లది కూడా.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈసారి మందు హైదరాబాద్ నుంచే వస్తోంది. లెనకపవిర్ అనే ఇంజెక్షన్ ఆరు నెలలకోసారి వేయించుకుంటే చాలు. 2024లో వెలువడిన ట్రయల్‌లో దాన్ని వేయించుకున్న 2,134 మంది ఆఫ్రికా యువతుల్లో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదు. 2025 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫార్సు చేసింది. హెటెరో, డాక్టర్ రెడ్డీస్ కంపెనీలు 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్ల ధరకు దాన్ని పేద, మధ్యాదాయ దేశాలకు అందిస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించాయి. మన పల్లెల్లో మాత్రల కన్నా సూది మీదే గురి ఎక్కువ కాబట్టి, దీన్ని ఆడవాళ్లు కాదనరని చాలామంది అనుకోవచ్చు. జెల్ విషయంలోనూ మొదట్లో ఇలాగే అనుకున్నారు.

ఈ సూది పొట్ట చర్మం కింద వేస్తారు. చాలామందికి అక్కడ చిన్న గడ్డలా మిగిలి, నెలల తరబడి చేతికి తగులుతుంది. ఇదేమిటని భర్త అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకోవాలి. మొదటి రెండు రోజులు మాత్రలు కూడా మింగాలి. చెరువు కౌలు మారితే కాపలా కుటుంబం ఊరు మారుతుంది, ఆరు నెలల తర్వాత రెండో సూది ఏ ఊళ్లో వేయించుకోవాలి? ఎయిడ్స్ క్లినిక్ గుమ్మం ఎక్కితే చూసినవాళ్లేమనుకుంటారు? బిడ్డ టీకా వేయించడానికి వచ్చినప్పుడే తల్లి కూడా వేయించుకునే వీలుండాలా? వీటికి జవాబులు పుణెలోనో దక్షిణాఫ్రికాలోనో దొరకవు. మందు రేటు, సరఫరా తేల్చేలోగా ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల అధికారులు తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో మూటలు కుట్టే ఆడవాళ్లనూ, కొల్లేటి గట్ల మీది ఇల్లాళ్లనూ కూర్చోబెట్టి అడగాలి. అడిగేది వాళ్లకు తెలిసిన ఏఎన్ఎం కావాలి, ‘వద్దు’ అని చెప్పినా ఫరవాలేదన్న ధైర్యం వాళ్లకు ముందే ఇవ్వాలి.