కోపానికి పరాయి భాష

మన దయ్యాల సినిమాల్లో స్త్రీ చాలాకాలం తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, గజ్జెల చప్పుడు మాత్రమే. ఎవరామె, ఎట్లా చనిపోయింది అన్నది చాలా సినిమాలకు పట్టలేదు. 1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు'కు పట్టింది. నిజానికి అందులో దయ్యమే లేదు. చిన్నతనంలో తల్లిదండ్రులకు దూరంగా పెరిగిన గంగ, భర్త పూర్వీకుల ఇంటికి వచ్చాక తనను తాను నాగవల్లి అనుకుంటుంది. ఆ ఇంటి పెద్ద ఒకప్పుడు తంజావూరు నుంచి తెచ్చుకుని, మరొకర్ని ప్రేమించిందని చంపేసిన నర్తకి నాగవల్లి.

ఈ కథ చాలా భాషల్లోకి వెళ్లింది. ఒక సంగతి గమనించండి. మలయాళ గంగ కోపం వస్తే తమిళం మాట్లాడుతుంది. 2004 నాటి కన్నడ 'ఆప్తమిత్ర'లో, 2005 నాటి తమిళ 'చంద్రముఖి'లో ఆ కోపం పలికేది తెలుగులో. 2007 నాటి హిందీ 'భూల్ భులయ్యా'లో బెంగాలీలో. ఎక్కడికక్కడ పరాయి ప్రాంతపు నర్తకే! ఇది యాదృచ్ఛికమని నేననుకోను. ఇంటి కోడలికి తన భాషలో కోపం చూపే చోటు లేదు. ఆ కోపాన్ని కళ మీద బతికే, అడిగేవాళ్లు లేని స్త్రీకి అంటగడితే ఇల్లాలి మంచితనం చెక్కుచెదరదు. వైద్యమూ అట్లాగే సాగుతుంది. భర్త, డాక్టరు మాట్లాడుకుంటారు, ఆమెకు చెప్పరు. నర్తకికి దక్కే న్యాయమేమో, ఒక బొమ్మను చంపడం!

అయినా ఆ సినిమాను నేను తీసిపారెయ్యను. స్త్రీ వేరే గొంతుతో మాట్లాడితే అది చేతబడి కాదు, బాధ అని హాలు నిండిన జనానికి చెప్పింది. 2022లో 'భూల్ భులయ్యా 2' వచ్చేసరికి ఆ కాస్తా పోయింది. జబ్బు లేదు. తోబుట్టువు మీద అసూయతో క్షుద్రపూజలు చేసిన చెడ్డ ఆడది, నిజం దయ్యం, అంతే.

"గాలి సోకింది" అని ఆడవాళ్లను భూతవైద్యుల దగ్గరికి ఈడ్చుకుపోయే ఊళ్లలో పనిచేసేవాళ్లకు ఇది వట్టి వినోదం కాదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను గొలుసులతో కట్టేసి ఉంచిన ఒక ఆశ్రమం తగలబడి 28 మంది చనిపోయారు. దర్గా దగ్గర నయమవుతుందన్న నమ్మకంతో రోగులను ఆ ఊరికి తెచ్చేవారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది, వైద్యానికి ముందు రోగికి వివరించి సమ్మతి తీసుకోవాలంది. సంఘాల సమావేశాల్లో ఈ చట్టం గురించి చెప్పేటప్పుడు 'చంద్రముఖి'తో మొదలుపెట్టవచ్చు. ఆ సినిమా చూడనివాళ్లు తక్కువ.