ఒకే దారి ఉన్నచోట పోటీ ఏది?

అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రపు పౌడర్ రివర్ గనుల్లో బొగ్గు చవక. అది వెయ్యి మైళ్లు దాటి విద్యుత్ కేంద్రం చేరేసరికి చాలాసార్లు బొగ్గు ధరకన్నా రైలు కిరాయే ఎక్కువవుతుంది. ఆ భారం చివరకు పడేది కరెంటు బిల్లు కట్టేవారి మీదే. రైల్వేలపై అక్కడి ప్రభుత్వం నియంత్రణ సడలించిన తీరును వారివైపు నుంచే తూచాలి.

ఒకప్పుడు కిరాయిలు అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ చెప్పుచేతల్లో ఉండేవి. నష్టాల లైను మూయాలన్నా ఏళ్లు పట్టేది. లారీల పోటీకి తట్టుకోలేక 1970లో పెన్ సెంట్రల్ రైలు కంపెనీ దివాలా తీసింది. 1980 అక్టోబరు 14న అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన స్టాగర్స్ చట్టం ఆ కట్లు విప్పింది. విద్యుత్ సంస్థలతో రైలు కంపెనీలు నేరుగా ఒప్పందాలు చేసుకున్నాయి. పౌడర్ రివర్‌లో 1984లో రెండో కంపెనీ రైళ్లు అడుగుపెట్టడంతో బర్లింగ్టన్ నార్తర్న్ గుత్తాధిపత్యం ముగిసింది, కిరాయిలు దిగాయి. ఈ మేలును కాదనలేం.

అయితే ఆ మేలు పోటీ వల్ల వచ్చింది. ఒక్క కంపెనీ పట్టాలే చేరే విద్యుత్ కేంద్రానికి పోటీ ఎక్కడిది? అడిగినంత కట్టడమే దాని గతి. కిరాయి చర వ్యయంలో (రవాణా పరిమాణాన్ని బట్టి మారే ఖర్చులో) 180 శాతానికి చేరితేగానీ, పాత కమిషన్ స్థానంలో వచ్చిన నియంత్రణ మండలి ఫిర్యాదే వినదు. అప్పుడైనా, తన సరకు కోసం కొత్త రైలుమార్గం వేస్తే ఎంతవుతుందో ఫిర్యాదుదారే కాగితాలపై లెక్కకట్టి చూపాలి. అందుకు లక్షల డాలర్లు, ఏళ్ల కాలం ఖర్చవుతాయి. దీన్ని న్యాయం అనలేం.

సరఫరాకూ భరోసా లేదు. 2005 మే నెలలో పౌడర్ రివర్‌లో ఆ రెండు కంపెనీల ఉమ్మడి లైనుపై వరుసగా రెండు రైళ్లు పట్టాలు తప్పాయి. వ్యాగన్ల నుంచి రాలిన బొగ్గుపొడి కంకరలో పేరుకుని, నీరు ఇంకక పట్టాల పునాది మెత్తబడింది. నెలల తరబడి సరఫరా తగ్గింది. నిల్వలు అడుగంటిన విద్యుత్ సంస్థలు ఖరీదైన గ్యాసును ఆశ్రయించాయి. మరోవైపు పోటీ కూడా కుదించుకుపోయింది: 1980లో ముప్పైకి పైగా ఉన్న పెద్ద రైలు కంపెనీలు విలీనాలతో నేడు ఆరుకు తగ్గాయి.

పట్టాల నిర్వహణకు లాభాలు కావాలన్న కంపెనీల వాదన సమంజసమే. ఆ లాభం గత్యంతరం లేని ఖాతాదారును పిండి రాబట్టేది కాకూడదు. పోటీ ఉన్నచోట స్వేచ్ఛ కొనసాగాలి. ఒకే దారి ఉన్నచోట కిరాయికి హద్దు, ఫిర్యాదుకు సత్వర పరిష్కారం, సరఫరాకు జవాబుదారీతనం ఉండి తీరాలి. పోటీని మింగే విలీనాలకు అనుమతి ఇవ్వకూడదు. భారతీయ రైల్వే సరకు రవాణాలోనూ బొగ్గుదే పెద్ద వాటా. సంస్కరణల పేరుతో నియంత్రణలు సడలించే ముందు మన పాలకులూ ఈ పాఠం చదవాలి.