మంచు అడుగున మేత
అంటార్కిటికా సముద్రపు మంచుగడ్డను తిరగేస్తే అడుగున గోధుమరంగు నాచు కనిపిస్తుంది. చలికాలంలో క్రిల్ అనే రొయ్యలాంటి జీవి పిల్లలు దాన్నే గీక్కుతిని బతుకుతాయి. పెంగ్విన్లకూ సీళ్లకూ తిమింగలాలకూ ఆ క్రిల్లే తిండి. 2022 చివర్లో అక్కడి బెల్లింగ్స్‌హౌజన్ సముద్రంలో మంచు ముందే విరిగిపోయింది. ఆ మంచు మీదున్న ఎంపరర్ పెంగ్విన్ పిల్లలకు అప్పటికింకా ఒంటిమీద నూగే తప్ప తడవని ఈకలు రాలేదు. ఉపగ్రహాలు గమనించిన ఐదు స్థావరాల్లో నాలుగింట ఆ ఏటి పిల్లలు దక్కినట్టే లేదు. తేలే మంచు కరిగితే సముద్రమట్టం పెద్దగా పెరగదు కదాని, ఈ జీవుల కొంప మునుగుతున్నా మనం పట్టించుకోవడం లేదు. ఇది అన్యాయం. అంటార్కిటికాలోనే రాస్ సముద్రానికి 2016లో రక్షణ ఒప్పందం కుదిరింది. ఏళ్ల తరబడి నానుతున్న వెడ్డెల్ సముద్రం రక్షణ ప్రతిపాదనకూ దేశాలన్నీ ఇకనైనా తలూపాలి.