పరాయి చేతి నీళ్లు

ఐరన్‌మ్యాన్ పోటీలో ఒక నిబంధన ఉంది. పోటీ మధ్యలో భార్య ఎదురొచ్చి మంచినీళ్లు ఇచ్చినా, తండ్రి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినా అది బయటి సాయం కిందకే వస్తుంది. జరిమానా పడొచ్చు, పోటీ నుంచి తప్పించనూవచ్చు. అదే నీళ్లు, అదే అరటిపండు దారి పక్క గుడారం దగ్గర నిలబడ్డ వాలంటీరు ఇస్తే ఎన్నిసార్లయినా పుచ్చుకోవచ్చు. సొంతవాళ్లు చప్పట్లు కొట్టొచ్చు, పేరు పెట్టి పిలవొచ్చు, అంతే. దాహం తీర్చాల్సింది మాత్రం ముక్కూమొహం తెలియనివాళ్లే.

అదేమీ గంటా రెండు గంటల పోటీ కాదు. 3.8 కిలోమీటర్ల ఈత, ఒడ్డుకొచ్చి 180 కిలోమీటర్ల సైకిలు, సైకిలు దిగి 42.2 కిలోమీటర్ల పరుగు. అంతా 17 గంటల్లో ముగించాలి. హ్యూస్టన్‌కు ఉత్తరాన ఉడ్‌ల్యాండ్స్‌లో ఈ పోటీ 2011లో మొదలైంది. తెల్లవారుతూనే చెరువులో దిగినవాళ్లలో వెనకబడ్డవాళ్లు ఆఖరి గీత దాటేసరికి అర్ధరాత్రి అవుతుంది. ఈ ఏప్రిల్‌లో మన తెలుగు సంఘం నుంచి కొన్ని కుటుంబాలు అక్కడ పనిచేశాయి. ఈ సంచిక మీ చేతికందేసరికి మా సొంతూరు పెద్దాపురంలో మరిడమ్మ తల్లి జాతర సందడి మొదలై ఉంటుంది. ఈ సంపాదకీయంలో ఆ రెండిటి గురించీ కలిపి రాయాలనిపించింది.

అక్కడ పనులు చిన్నవి, కానీ ఒక్కొక్కటీ నేర్చుకోవాల్సిందే. తెల్లవారకముందే ఈతగాళ్ల చేతుల మీద, పిక్కల మీద మార్కరుతో అంకెలు వేసేవాళ్లు కొందరు. చెరువులో చిన్న పడవలేసుకుని కాపలా కాసేవాళ్లు కొందరు. సైకిలు దిగగానే దాన్ని పట్టుకుని స్టాండులో పెట్టేవాళ్లు ఇంకొందరు. నీళ్ల సీసా అందించడంలోనే ఎంత విద్య ఉందో! హార్డీ టోల్ రోడ్డు మీద సైకిళ్లు గాలిలా వస్తుంటాయి. సీసాను మూత దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, చెయ్యి బాగా చాచి, సైకిలు వెళ్లే వైపే నాలుగడుగులు పరిగెత్తాలి. గట్టిగా పట్టుకుంటే ఆ మనిషి తూలిపోతాడు. తొందరపడి వదిలేస్తే సీసా రోడ్డు పాలవుతుంది, తర్వాతి గుడారం దాకా అతనికి గొంతు తడవదు. మన చేతిలో ఉన్నది నీళ్లో, ఉప్పూ పంచదార కలిపిన పానీయమో దూరం నుంచే కేకేసి చెప్పాలి. మన తొమ్మిదో తరగతి పిల్లలు దీన్ని అరగంటలో పట్టేశారు. పెద్దవాళ్లం గొంతు పెగలడానికే చాలాసేపు తీసుకున్నాం.

అసలు పని రాత్రికి మొదలవుతుంది. తొమ్మిది దాటాక పరిగెత్తేవాళ్లు తగ్గిపోయి నడిచేవాళ్లు మిగులుతారు. పొద్దుటి నుంచీ తీపి పానీయాలు తాగి తాగి వాళ్లకు నోరు వెగటు పుట్టి ఉంటుంది, ఉప్పగా వేడిగా ఉన్న కోడి సూపు కప్పు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. అరవై దాటిన ఒకావిడ మా బల్ల దగ్గర ఆగి, రెండు చేతుల్లో రెండు కప్పులు పట్టుకుని, తాగకుండా అలాగే నిలబడిపోయింది. ఇంకా ఎంత దూరం అని కూడా అడగలేదు. మన అమ్మాయి ఒకతె తనంతట తానే దగ్గరికెళ్లి, రెండు మైళ్లే ఉంది, టైము కూడా ఉందని నెమ్మదిగా చెప్పింది. ఆవిడ ఒక కప్పు తాగి, రెండోది బల్ల మీద పెట్టి బయలుదేరింది. గీత దాటిందో లేదో మాకు తెలియదు. ఆవిడ వెనకే ఐసు కావాలంటూ ఇంకొకాయన వచ్చేశాడు.

ఈ పోటీ మొదలైనప్పుడు ఇలాంటి బల్లలేవీ లేవు. 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవుల్లోని ఒవాహూలో నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ ఆలోచనతో మొదటి పోటీ జరిగింది. 15 మంది బయలుదేరితే 12 మంది ముగించారు. అప్పుడు ఎవరి నీళ్లు, ఎవరి తిండి వాళ్ల మనుషులే తేవాలి. పరుగులో ముందున్న జాన్ డన్‌బార్‌కు వెంట వచ్చిన స్నేహితుల దగ్గర నీళ్లు అయిపోయాయి. ఉన్నది బీరే కాబట్టి బీరే ఇచ్చారు. గార్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల్లో గెలిచాడు, డన్‌బార్ రెండోవాడయ్యాడు. ఆ స్నేహితుల ప్రేమలో లోటేమీ లేదు, నీళ్లే లేవు. ఇప్పుడు అదే పోటీ హవాయిలోని కోనాలో జరిగినప్పుడు వేలమంది వాలంటీర్లు దారి పొడవునా నిలబడతారు. ఒకరి దగ్గర నిండుకుంటే మరొకరి దగ్గర ఉంటుంది.

పరాయివాళ్ల ఆకలిదప్పులు తీర్చే సంగతి మా ఊరికి ఎప్పుడో తెలుసు. పెద్దాపురం సంస్థానపు రాణి వత్సవాయి బుచ్చి సీతయ్యమ్మ పెద్దాపురంలోనూ కత్తిపూడిలోనూ సత్రాలు పెట్టించారు. కత్తిపూడి కలకత్తా–మద్రాసు రహదారి మీది ఊరు. ఆ దారిన పోయేవాళ్లలో ఆవిడకు చుట్టాలెవరు? ఆకలితో వచ్చినవాళ్లకు విస్తరి వేయడమే సత్రం పని. మేము మహారాణి కాలేజీ అని పిలుచుకునే కాలేజీకి ఉన్నది ఆవిడ పేరే. జాతర రోజుల్లో చలివేంద్రం దగ్గర నిలబడి మజ్జిగ పోసే కుర్రాడు కూడా అంతే, గ్లాసు చాచిన చెయ్యి చూస్తాడు గానీ ఏ ఊరని అడగడు. ఎక్కడెక్కడి నుంచో బళ్లు కట్టుకుని వచ్చిన జనం మధ్య అడిగే తీరిక కూడా ఉండదు.

అందించే చేతుల మాటకొస్తే, పెద్దాపురం పక్కనే ఉన్న సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల గుర్తొస్తారు. 2021లో పాక్ జలసంధి ఈదారు. 52 ఏళ్ల వయసులో విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా సముద్రంలో 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరి మొదటి వారంలో ఒడ్డుకు చేరారు. పేపర్లన్నీ ఆవిడ ఫొటో వేశాయి, వేయాల్సిందే. ఆవిడ వెంట పడవల్లో ఒక బృందం సాగింది. సముద్రంలో ఈదే మనిషికి తిండీ నీళ్లూ పడవ మీద నుంచి అందాల్సిందే, వాతావరణం చూసి ముందుకా వెనక్కా తేల్చాల్సింది కూడా ఆ పడవలో ఉన్నవాళ్లే. గోదావరి జిల్లాల పిల్లలు శ్యామలగారిలా ఈదాలని కోరుకుందాం, ఆ పడవలో కూర్చోవడమూ నేర్పుదాం.

ఏప్రిల్ పోటీకి ముందు జరిగిన మన మీటింగులో గోదావరి వైపు పెద్దాయన ఒకరు లేచి, "ఆయ్, ఇంతకీ మనోళ్లెవరైనా పరిగెడతన్నారాండీ?" అని అడిగారు. లేరండీ అన్నాం. "మరి మనకెందుకండీ?" అన్నారాయన. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. సంఘం పెట్టుకున్నదే మనవాళ్ల కోసం. ఎవరింట్లోనైనా కష్టం వస్తే తెల్లారేసరికి వంట పంపేది, ఆసుపత్రిలో వంతులేసుకుని కూర్చునేది, ఇండియాకు పార్థివదేహం పంపడానికి చందాలు పోగుచేసేది మనమే. ఆ పనిలో మనకు సాటి లేదు. కానీ మనం ఉంటున్న ఈ ఊళ్లో బడులు మనవి, పార్కులు మనవి, పోటీ కోసం రోడ్డు మూసేస్తే విసుక్కునే హక్కూ మనదే. ఊరంతా కలిసి నిలబడే రోజున మన మొహాలు కనపడకపోతే, ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఈ ఊరు ఎప్పటికి సొంతూరవుతుంది?

పోటీ పెట్టేది లాభం కోసం నడిచే కంపెనీ కదా, వేల డాలర్ల వ్యాపారానికి ఊరికే చాకిరీ ఎందుకని ఇంకొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పోటీ జరిగే ఊళ్లలో వాలంటీర్లను పంపే సేవాసంఘాలకు ఐరన్‌మ్యాన్ ఫౌండేషన్ గ్రాంట్లు ఇస్తుంది, అడిగి తీసుకుందాం. వచ్చిన డబ్బు ఇక్కడి ఫుడ్ బ్యాంకుకే ఇవ్వాలని నా అభిప్రాయం. అయితే గ్రాంటు రాకపోయినా వెళ్లమనే చెబుతాను. రాత్రి పదకొండింటికి బల్ల దగ్గర ఆగిన మనిషి చెయ్యి చాచేది కంపెనీ వైపు కాదు, మన వైపు.

వచ్చే ఏడు ఒక బల్లను పూర్తిగా మన సంఘమే తీసుకోవాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. అదీ పరుగు దారిలో, రాత్రి వంతుకి. పొద్దుటి పనికి మనుషులు ఎలాగూ దొరుకుతారు, ఫొటోలూ అప్పుడే బాగా వస్తాయి. రాత్రి ఎనిమిది నుంచి ఆఖరి మనిషి వెళ్లేదాకా ఉండేవాళ్లే కావాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలో కూర్చుని నారింజలు కోయొచ్చు, కప్పుల్లో ఐసు నింపొచ్చు. మిగతావాళ్లు తడిసినా పర్వాలేదనుకునే బూట్లు వేసుకుని, గొంతు సిద్ధం చేసుకుని రండి. పేర్లు దసరాలోగా కార్యదర్శికి ఇస్తే, దీపావళి తర్వాతి ఆదివారం పార్కులో సీసాలు అందించడం సాధన చేద్దాం. సైకిలు తొక్కడానికి మన కుర్రాళ్లు ఇప్పటికే ఒప్పుకున్నారు.