వైఫై రాలేదని లైనక్స్ తీసేస్తున్నారా?

మీ రెజ్యూమెలో ‘లైనక్స్’ అని రాసుకున్నారా? అయితే ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: ‘సిస్టమ్‌లో నెట్ రావడం లేదు, మొదట ఏం చూస్తారు?’ ‘ఫార్మాట్ కొట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తానండీ’ అన్నారంటే ఇంటర్వ్యూ దాదాపు అక్కడితో అయిపోయినట్టే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విద్యార్థికి ఈ ప్రశ్న ముందు ఇంట్లోనే ఎదురవుతుంది. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటారు. ఉబుంటు వేస్తారు. అన్నీ బాగానే ఉంటాయి, వైఫై గుర్తు మాత్రం కనిపించదు. రెండు రోజులు చూసి, దగ్గర్లోని షాపుకెళ్లి మళ్లీ విండోస్ వేయించుకుంటారు. పోయేది షాపులో ఇచ్చిన డబ్బులొక్కటే కాదు, పైసా ఖర్చు లేకుండా దొరికిన ప్రాక్టికల్ కూడా.

అసలు చేయాల్సింది కంప్యూటర్ ఏం చెబుతోందో చదవడం. టెర్మినల్‌లో ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ అని కొట్టండి. ‘హార్డ్ బ్లాక్‌డ్: ఎస్’ అని వస్తే డ్రైవర్ జోలికి పోకండి, ల్యాప్‌టాప్ మీద వైఫై స్విచ్చో బటనో ఆపేసి ఉందేమో చూడండి. అది కాకపోతే ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ కమాండ్‌కు స్పేస్ ఇచ్చి, హైఫన్ పెట్టి ‘ఎన్‌ఎన్‌కే’ చేర్చండి. (యూఎస్‌బీ వైఫై డాంగిల్ అయితే ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’.) కార్డు పేరు పక్కన బ్రాకెట్లో ఒక కోడ్ ఉంటుంది. 10ఈసీతో మొదలైతే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 8086 అయితే ఇంటెల్. ఇంటెల్ తన పాత ప్రాసెసర్ నంబర్‌నే గుర్తుగా పెట్టుకుంది! కింద ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైను ఉందా? లేకపోతే ఆ కార్డుకు డ్రైవర్ ఎక్కలేదు. ఉంటే డ్రైవర్ ఎక్కింది, తేడా ఇంకెక్కడో ఉంది.

ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే. లైనక్స్‌లో చాలా డ్రైవర్లు కెర్నెల్‌తోనే వస్తాయి, కానీ వైఫై చిప్‌కు అదొక్కటే చాలదు. చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్, వేరే ఫైల్‌గా ఉంటుంది. అది లేకపోతే డ్రైవర్ ఉన్నా వైఫై పనిచేయదు. ‘డీమెసేజ్’ కమాండ్ (డీ, ఎం, ఈ, ఎస్, జీ) ఇచ్చి ‘ఫర్మ్‌వేర్’ అన్న మాట వెతకండి. ‘ఎర్రర్ మైనస్ 2’ అని ఉంటే ఫైల్ దొరకలేదని అర్థం. డెబియన్ వాళ్లు చాలాకాలం ఇలాంటి ఫైళ్లను మామూలు ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు, 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి పెడుతున్నారు. పాత పెన్‌డ్రైవ్‌తో వేసుకున్నవాళ్లు ఇది గమనించాలి.

డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఈ చిక్కుకు మందు మీ జేబులోనే ఉంది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ అయితే సాధారణంగా వేరే డ్రైవరేమీ అడగదు. కెర్నెల్ అప్‌డేట్ అయిన మర్నాడే వైఫై పోతే, బయటి నుంచి వేసిన డ్రైవర్ కొత్త కెర్నెల్‌కు తయారు కాలేదేమో, సెక్యూర్ బూట్ దాన్ని ఆపేసిందేమో చూడండి.

హెల్ప్‌డెస్క్‌లో, క్లౌడ్ సపోర్ట్‌లో రోజూ చేసే పని ఈ వరసే. రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలోనూ నాలుగు ఆప్షన్ల ప్రశ్నలుండవు, సిస్టమ్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు.

కాలేజీలకూ ఒక మాట. వనపర్తి పాలిటెక్నిక్ అయినా, గద్వాలలోని పీజీ సెంటరైనా, నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీ అయినా, మూలన పడేసిన పాత సిస్టమ్‌లు రెండు ఉంటే చాలు. డ్రైవర్ తీసేసి ఇచ్చి, ‘నెట్ తెప్పించండి’ అని పిల్లలకు ఒక మధ్యాహ్నం వదిలేయండి. మీ ల్యాబ్‌లో అలాంటిది లేదా? మీరే వెళ్లి అడగండి. చూసిన ప్రతి ఎర్రర్‌నూ, దానికి చేసిన పనినీ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూకి ఆ నోట్‌బుక్ తీసుకెళ్లండి.